నలభైకే పాత సరుకు

ప్రోగ్రామర్ గ్రేస్ హాపర్‌ను అమెరికా నౌకాదళం 1966 చివర్లో ఇంటికి పంపింది. ఆవిడకు అప్పుడు అరవై ఏళ్లు. ఏడాది తిరక్కుండానే, 1967 ఆగస్టులో, మళ్లీ కబురు పెట్టింది. నౌకాదళంలో ఒక్కో కార్యాలయం ఒక్కో తీరు కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాష వాడుతోంది, ఒకచోట రాసిన ప్రోగ్రాము ఇంకోచోట నడవడం లేదు. ఆ ముడి విప్పడానికి ఆరు నెలలు రమ్మన్నారు. మధ్యలో ఒక చిన్న విరామం తప్పిస్తే ఆ ఆరు నెలలు 1986 దాకా సాగాయి. 79 ఏళ్ల వయసులో రియర్ అడ్మిరల్‌గా యూనిఫారం విడిచిన మనిషిని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ కన్సల్టెంటుగా చేర్చుకుంది. 1992 జనవరి 1న కన్నుమూసే దాకా ఆవిడ ఆ కంపెనీ మనిషే.

హాపర్‌ను వెనక్కి పిలిచిన ఏడాదే, డిసెంబరు 15న, అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఉద్యోగాల్లో వయోవివక్షను నిషేధించే చట్టం మీద సంతకం పెట్టారు. అంతకు రెండేళ్ల ముందు కార్మిక మంత్రి విల్లర్డ్ విర్ట్జ్ అమెరికన్ కాంగ్రెస్‌కు ఒక నివేదిక ఇచ్చారు. ప్రైవేటు ఖాళీల్లో దాదాపు సగం 55 దాటినవారికీ, పావు వంతు 45 దాటినవారికీ అసలు అందుబాటులోనే లేవని అందులో తేలింది. ఇంత వయసు దాటితే పని చేయలేరన్న నమ్మకానికి చాలామంది యజమానుల దగ్గర ఆధారమేమీ లేదని కూడా తేలింది. కొత్త చట్టం నలభై నుంచి అరవై ఐదేళ్ల మధ్యవారికి రక్షణ ఇచ్చింది. పై గీత 1978లో డెబ్బైకి జరిగింది, 1986లో దాదాపు చెరిగిపోయింది. కింది గీత ఈనాటికీ నలభై దగ్గరే ఉంది.

ఆ చట్టం వచ్చేనాటికి ముసలి ప్రోగ్రామరు అనే మనిషే అరుదు. వృత్తికే పాతికేళ్లు నిండలేదు. 1945లో ఫిలడెల్ఫియాలో ఎనియాక్ కంప్యూటర్‌కు ప్రోగ్రాములు రాయడానికి ఎంపికైన ఆరుగురు మహిళలూ ఇరవైల్లో ఉన్నవారే. 1950ల్లో కంపెనీలకు ప్రోగ్రామర్లు కావలసి వచ్చినప్పుడు కంప్యూటర్ డిగ్రీలూ లేవు, పని తెలిసినవారూ లేరు. అందుకే ఐబీఎం 1955లో ఒక పరీక్ష తయారుచేసింది: అంకెల వరసలు పూర్తి చేయడం, బొమ్మల మధ్య పోలిక పట్టడం, కాసిని లెక్కలు. అనుభవం అడగడానికి వీల్లేని చోట చురుకుదనం అడిగారు. అవసరం కొద్దీ వచ్చిన ఆ అలవాటు తర్వాత వృత్తి స్వభావంగా స్థిరపడింది. పజిల్ చకచకా విప్పేవాడే మంచి ప్రోగ్రామరన్న నమ్మకం ఇవాళ్టి కోడింగ్ ఇంటర్వ్యూలో కూడా పదిలంగా ఉంది. ఇరవై ఏళ్లు బ్యాంకు వ్యవస్థలు కాపాడినవారిని కూడా బోర్డు దగ్గర నిలబెట్టి, కాలేజీ రెండో ఏడాది పాఠం అప్పజెప్పమంటారు.

తొలి తరాలవారు నలభైలకు చేరేసరికి మెయిన్‌ఫ్రేముల పక్కన మినీ కంప్యూటర్లు, పీసీలు, ఆ తర్వాత క్లయింట్-సర్వర్, ఆపైన వెబ్ వచ్చి కూర్చున్నాయి. ప్రకటనల్లో భాష పేరు, దాని పక్కన సంవత్సరాలు అడగడం మొదలైంది. కొత్త భాష పుట్టినప్పుడల్లా పాత అనుభవానికి సున్నా చుట్టేశారు. పది భాషలు చూసినవారికి పదకొండోది నేర్చుకోవడం గగనమేమీ కాదు, వాళ్ల తలపండిన మేనేజర్లకూ ఆ సంగతి తెలుసు. ఆ నేర్చుకునే కాలానికి జీతం ఎవరివ్వాలన్న దగ్గరే బేరం తెగేది కాదు. కాలేజీ నుంచి దిగినవాళ్లు సగం జీతానికి, సొంత ఖర్చుతో నేర్చుకుని మరీ వస్తారు.

1990ల్లో ఈ బేరం వాషింగ్టన్ దాకా వెళ్లింది. ప్రోగ్రామర్ల కరువొచ్చింది, హెచ్-1బీ వీసాలు పెంచండని కంపెనీలు పట్టుబట్టాయి. 1998 ఏప్రిల్‌లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణపు ఆచార్యుడు నార్మన్ మాట్లాఫ్ ప్రతినిధుల సభ ఉపసంఘం ముందు హాజరై అడ్డం తిరిగారు. వచ్చిన దరఖాస్తుల్లో కంపెనీలు ఏ కొద్దిమందినో తీసుకుంటున్నాయని, నలభై దాటినవారిని చూడకుండానే పక్కన పెడుతున్నాయని, కొరత ఉన్నదల్లా చవకగా దొరికే కుర్రవాళ్లకేనని ఆయన వాదన. కంపెనీలు ఒప్పుకోలేదు. ఆ శరత్కాలంలోనే ఏడాదికి 65,000 ఉన్న వీసాల పరిమితిని కాంగ్రెస్ 1,15,000కు పెంచింది. రెండేళ్ల తర్వాత అది 1,95,000 అయింది.

సరిగ్గా 1998 నవంబరులోనే హైదరాబాదులో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అసలు సందడి మాత్రం అక్కడికి కొన్ని మైళ్ల దూరాన, అమీర్‌పేటలో, మైత్రీవనం చుట్టుపక్కల. వైటూకే పుణ్యమా అని, అమెరికాలో వదిలించుకుంటున్న మెయిన్‌ఫ్రేమ్ చదువే ఇక్కడ ఇరుకు గదుల్లో కిటకిటలాడుతూ సాగింది. తేదీల్లో సంవత్సరానికి రెండంకెలే కేటాయించి రాసిన పాత కోబాల్ ప్రోగ్రాములు 2000 రాగానే తికమకపడతాయన్న భయం ఒకేసారి రెండు వర్గాలకు పని కల్పించింది. అక్కడ రిటైరైనవారిని బతిమాలి పిలుచుకున్నారు, ఇక్కడ గుంటూరు, వరంగల్ కుర్రాళ్లను విమానం ఎక్కించారు. ఇద్దరూ ఒకే కోడ్ దిద్దారు. 2000 జనవరి గడిచాక వృద్ధులను మళ్లీ ఇంటికి పంపేశారు, కుర్రాళ్లు ఉండిపోయారు.

అమీర్‌పేట గురించి మాట్లాడేటప్పుడు రెజ్యూమె సంగతి దాచి లాభం లేదు. కొందరు కన్సల్టెన్సీలవాళ్లు ఫ్రెషర్‌కు నాలుగైదేళ్ల అనుభవం అంటగట్టి పంపడం అందరికీ తెలిసిన రహస్యం. అదే సమయంలో అమెరికాలో యాభై దాటినవారికి కెరీర్ సలహాదారులు చెప్పే మొదటి మాట: డిగ్రీ సంవత్సరం తీసేయండి, చివరి పది పదిహేనేళ్లు మాత్రమే ఉంచండి. ఒకరు లేని ఏళ్లు కలుపుతారు, ఇంకొకరు ఉన్న ఏళ్లు చెరుపుతారు. ఇద్దరూ చేరాలనుకునేది ముప్ఫైల్లో ఉన్న ఆ ఒకే ఒక్క ఊహా మనిషి దగ్గరికే.

తర్వాతి దశాబ్దంలో దాపరికం కూడా పోయింది. 2007లో స్టాన్‌ఫర్డ్‌లో కొత్త కంపెనీలు పెట్టాలనుకునేవారి సభలో, ఇరవై రెండేళ్ల మార్క్ జకర్‌బర్గ్, కుర్రవాళ్లకే తెలివి ఎక్కువన్న అర్థంలో మాట్లాడాడు. అదే నిజమైతే కంపెనీల పుట్టుక లెక్కల్లో కనబడాలి. ఎంఐటీ ఆచార్యుడు పియర్ అజూలే బృందం అమెరికా జనగణన శాఖ దత్తాంశాలు తీసి చూసింది. వెయ్యింట ఒక్కటిగా, అన్నిటికన్నా వేగంగా ఎదిగిన కొత్త కంపెనీలు తీస్తే, వాటిని పెట్టేనాటికి వ్యవస్థాపకుల సగటు వయసు 45. జకర్‌బర్గ్ మాట ప్రపంచమంతా తిరిగింది. ఈ లెక్కకు అంత ప్రచారం దక్కలేదు.

బ్రయన్ రీడ్ వ్యవహారం కాస్త నిలిచి చూడదగింది. స్టాన్‌ఫర్డ్‌లో పాఠాలు చెప్పి, ఇంటర్నెట్ తొలినాళ్ల నుంచి ఆ రంగంలోనే ఉన్న మనిషి. 2002లో 52 ఏళ్ల వయసులో గూగుల్‌లో ఇంజినీరింగ్ డైరెక్టరుగా చేరారు. పనితీరు సమీక్షలో మంచి మార్కులే పడ్డాయి, పక్కనే కుర్రవాళ్లతో, సూపర్ ఫాస్ట్ వేగంతో సర్దుకోవాలన్న చురకా పడింది. సహోద్యోగులు, పైవారు తనను నిదానం, మసక, కాలం చెల్లినవాడు అన్నారని ఆయన ఆరోపణ. 2004 ఫిబ్రవరిలో ఉద్యోగం పోయింది, ఆ ఆగస్టులో కంపెనీ షేర్లు మార్కెట్‌కు వచ్చాయి. ఆయనకు ఇంకా చేతికి రాని షేర్ల విలువ ఎంతో వేరే చెప్పక్కర్లేదు. కంపెనీ వివక్ష లేదంది. కింది కోర్టు దావా కొట్టేసింది. 2010 ఆగస్టులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు మాత్రం, ఆఫీసులో దొర్లిన ఇలాంటి మాటలను యథాలాప వ్యాఖ్యలని మొత్తానికే తీసిపారేయడం కుదరదని, మిగతా సాక్ష్యంతో కలిపి చూడాలని తీర్పు చెప్పింది. ఉద్యోగం ఊడినవారికి ఆఫీసు వెక్కిరింతలు కోర్టులో పనికొచ్చే సరుకయ్యాయని కాలిఫోర్నియా వరకు అనవచ్చు. అదే కంపెనీ 2019లో, ఉద్యోగం ఇవ్వలేదని వేసిన మరో దావాలో, 227 మంది దరఖాస్తుదారులతో కోటీ పది లక్షల డాలర్లకు రాజీపడింది, తప్పు మాత్రం ఒప్పుకోలేదు.

ఇక ఐబీఎం. దశాబ్దాలపాటు లేఆఫ్ అన్న మాటే తెలియదని చెప్పుకున్న సంస్థ అది, 1990ల మొదట్లో ఆ పేరు పోగొట్టుకుంది. 2018 మార్చిలో ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ పెద్ద పరిశోధన అచ్చు వేసింది: అయిదేళ్లలో నలభై దాటిన అమెరికా ఉద్యోగులు సుమారు 20,000 మందిని ఐబీఎం తొలగించిందని, అది మొత్తం కోతల్లో దాదాపు 60 శాతమని అంచనా. 2020లో అమెరికా ప్రభుత్వపు సమాన ఉద్యోగావకాశాల సంఘం దర్యాప్తు కూడా వృద్ధ సిబ్బందిని తగ్గించాలన్న సందేశం పైస్థాయి నుంచే దిగిందని తేల్చింది. 2022లో కోర్టులో బయటపడ్డ పాత ఈమెయిళ్లలో పెద్దవయసు ఉద్యోగులను డైనోబేబీలు అని రాసుకున్న సంగతి కనబడింది. కంపెనీ వివక్ష ఆరోపణను ఖండించింది. వయసును బట్టి ఎవరినీ తీసేయలేదంది.

ఉద్యోగంలో ఉన్నవారి సంగతి ఇది. ఉద్యోగం వెతుక్కునేవారి స్థితి ఇంతకన్నా పలచన. 2019 జనవరిలో షికాగోలోని ఏడవ సర్క్యూట్ అప్పీలు కోర్టు ఒక లాయరు కేసులో తీర్పు చెప్పింది. ఉద్యోగానికి దరఖాస్తు చేసేనాటికి ఆయనకు 58 ఏళ్లు. కంపెనీ ప్రకటనలో మూడు నుంచి ఏడేళ్ల అనుభవం, అంతకు మించకూడదు అని ఉంది. ఇలాంటి షరతు పైకి తటస్థంగా కనిపించినా ఫలితంలో పెద్దవారిని తోసేస్తుందన్న వాదన, బయటినుంచి దరఖాస్తు చేసేవారికి 1967 చట్టం కింద చెల్లదని కోర్టు మెజారిటీ తేల్చింది. కొలువులో ఉన్నవారికి మాత్రమే ఆ వాదన అందుతుందట. ప్రోగ్రామర్ల ప్రకటనల్లో రోజూ కనిపించే సున్నా నుంచి మూడేళ్లు అన్న వాక్యానికి ఇంతకన్నా మంచి కవచం ఎవరూ కుట్టివ్వలేరు.

అయినా పాత చేతులు అవసరం పడకుండా ఉండవు. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ దెబ్బకు నిరుద్యోగ భృతి దరఖాస్తులు ముంచెత్తుతుంటే న్యూజెర్సీ గవర్నర్ ఫిల్ మర్ఫీ, కోబాల్ తెలిసినవారు ఎవరైనా స్వచ్ఛందంగా రండని టీవీలో అడిగారు. గమనించాల్సింది ఆ స్వచ్ఛందంగా అన్న మాట. నలభై ఏళ్ల నాటి వ్యవస్థను నమ్ముకున్న ప్రభుత్వానికి దాన్ని నడిపే మనిషికి జీతం కట్టాలన్న ఆలోచన మొదట తట్టలేదు. టెక్సస్‌లో కోబాల్ కౌబాయ్స్ అనే బృందం తెలివైన దారి పట్టింది. నెరిసిన జుట్టు ప్రోగ్రామర్లను పోగేసి, బ్యాంకులకూ ప్రభుత్వాలకూ కన్సల్టెంట్లుగా పంపుతోంది, రుసుముకే.

తెలుగునేల మీద వయసు గీతకు ఇంకో చరిత్ర ఉంది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఉద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు ఒక్కసారిగా దించింది. యువతకు ఉద్యోగాలివ్వాలన్నది కారణం. వేలమంది గుమాస్తాలు, ఇంజినీర్లు, పంతుళ్లు రాత్రికి రాత్రి మాజీలయ్యారు. గోల సుప్రీంకోర్టుకెక్కింది, 1985 జనవరిలో కోర్టు ఆ నిర్ణయం చెల్లుతుందంది. అప్పటికే, 1984 ఆగస్టులో, ప్రభుత్వం గీతను మళ్లీ 58కి జరిపేసింది. ఇవాళ ఆంధ్రప్రదేశ్‌లో అది 62, తెలంగాణలో 61. మంచో చెడో ఆ గీత జీవోలో ఉంది, దానిమీద ధర్నా చేయవచ్చు, కోర్టుకెళ్లవచ్చు. సాఫ్ట్‌వేర్ కంపెనీల మాదాపూర్‌లో గీత ఎక్కడుందో ఏ కాగితంలోనూ ఉండదు. ఫలానా బ్యాచ్ పాసవుట్లు మాత్రమే అన్న ప్రకటన మాత్రం బాహాటంగానే వస్తుంది. రాజ్యాంగం 15, 16 అధికరణాల్లో మతం, కులం, లింగం, పుట్టిన ఊరు ఉన్నాయి, వయసు లేదు. ప్రైవేటు కొలువుల్లో వయోవివక్షను నిషేధించే చట్టమూ లేదు.

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం 25జీ సెక్షనులో ఒక పాత సూత్రం ఉండేది: మనుషులను తగ్గించాల్సి వస్తే మామూలుగా చివర చేరినవారు ముందు వెళ్లాలి. మిల్లుల కాలపు న్యాయం అది. సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ఆ చట్టం చెప్పిన వర్క్‌మన్ కోవలోకి వస్తాడా రాడా అన్న వాదన తెగకుండానే, పరిశ్రమ ఆ సూత్రాన్ని తలకిందులు చేసింది. ఇక్కడి కంపెనీల లాభం పిరమిడ్‌లో ఉంది. అడుగున పదేళ్లకు పైగా ఏడాదికి మూడు, మూడున్నర లక్షల దగ్గరే తచ్చాడుతున్న ఫ్రెషర్ జీతాలు, పైన బరువైన సీనియర్లు. పైభాగం బరువెక్కితే గోపురం వంగుతుంది కనుక అక్కడే చెక్కుతారు. 2025 జులైలో టీసీఎస్ సిబ్బందిలో రెండు శాతాన్ని, అంటే పన్నెండు వేల మందికి పైగా, తగ్గిస్తామన్నప్పుడు కోత ప్రధానంగా మధ్య, పై స్థాయిల మీదే పడుతుందని కంపెనీయే చెప్పింది.

వైటూకే నాడు పాతికేళ్ల వయసులో వెళ్లిన తెలుగువారు ఇప్పుడు యాభై దాటారు. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో, మాట్లాఫ్ సాక్ష్యంలో తమకు ఎదురుపక్షంగా నిలిచిన పెద్దల వరసలోనే నిలబడ్డారు, చాలామంది పౌరసత్వంతో. వాళ్ల తర్వాత వెళ్లినవాళ్లలో ఎందరో నలభైలు దాటినా హెచ్-1బీ మీదే ఉన్నారు. గ్రీన్ కార్డుల్లో ఏ దేశానికీ ఏడు శాతానికి మించి ఇవ్వకూడదన్న నియమం, భారతీయుల క్యూను దశాబ్దాల పొడవు చేసింది. ఆ క్యూలో ఉండగానే పిల్లలకు ఇరవై ఒకటి నిండితే తల్లిదండ్రుల వీసా నీడ కూడా తొలగిపోతుంది. 1967 చట్టం పౌరసత్వం అడగదు, అమెరికాలో పనిచేసే నలభై దాటిన విదేశీయులకూ వర్తిస్తుంది. దాని కింద ఫిర్యాదు చేయడానికి 180 రోజులు, సొంత చట్టమున్న రాష్ట్రాల్లో 300 రోజుల గడువుంది. ఉద్యోగం పోయిన హెచ్-1బీ మనిషికి, కొత్త యజమానిని వెతుక్కోవడానికో, సామాను సర్దుకోవడానికో ఉన్న గడువు 60 రోజులు.