స్వస్థలంలో ఓడిన ‘అపరాజితో’

సత్యజిత్ రాయ్ తన చిత్రాలలోకెల్లా ‘చారులత’ (1964)లోనే లోపాలు తక్కువని చెప్పేవారు. సమకాలిక దర్శకుడు మృణాల్ సేన్ మాత్రం రాయ్ చిత్రాలలో ‘అపరాజితో’కే అగ్రస్థానమిచ్చారు. 1955లో ‘పథేర్ పాంచాలీ’ని అక్కున చేర్చుకున్న వంగదేశ ప్రేక్షకులు, మరుసటి యేడు వచ్చిన ఈ చిత్రాన్ని ఆదరించలేదు. చదువుకై కలకత్తా చేరిన అపూ క్రమంగా తల్లికి దూరమవుతాడు. దూరాన సాగిపోయే రైళ్లను చూస్తూ సర్వజయ నిరీక్షణలోనే కన్నుమూస్తుంది. బిభూతిభూషణ్ నవలలో తల్లి మరణవార్త విన్న కుమారునికి క్షణకాలం బంధవిముక్తి కలిగినట్లనిపిస్తుంది. రాయ్‌ను ఆకర్షించినది ఈ అప్రియసత్యమే. మాతృమూర్తిని ఆరాధించే సమాజానికి మింగుడుపడనిదీ ఇదే. 1957లో వెనిస్ చిత్రోత్సవం స్వర్ణసింహ పురస్కారమిచ్చింది.

కాశీలోని ఇంటి ముంగిలిని స్టూడియోలో నిర్మించినప్పుడు ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర పైన తెల్లని వస్త్రం పరిచి, దీపాల కాంతిని దానిపై పడి మరలివచ్చేలా చేశారు. అది ఆకాశం నుండి దిగివచ్చిన వెలుగేనని చూపరులు నమ్మారు. సాంకేతికుల మెప్పు అక్కడ. మృణాల్ సేన్‌ను ఆకట్టుకున్నది మాత్రం పాతకాలపు కథలోని సమకాలీన దృష్టి. ఒకరాత్రి ఇల్లు చేరని కుమార్తె గురించి కుటుంబమంతా కలవరపడే ‘ఏక్ దిన్ ప్రతిదిన్’ (1979)ను తీసినవారికి ఆ ఇష్టం సహజమే.