సీఏ 19-9: క్లోమ క్యాన్సర్ గతిని తెలిపే రక్త పరీక్ష

క్లోమ గ్రంథి క్యాన్సర్ రోగుల రక్తంలో తరచుగా పెరిగే ఒక చక్కెర పదార్థం సీఏ 19-9. మిల్లీలీటరుకు 37 యూనిట్ల లోపు ఉంటే మామూలుగా లెక్కిస్తారు. జబ్బును కనిపెట్టడానికి కన్నా, అది ఎటు పోతోందో, చికిత్సకు లొంగుతోందో లేదో అంచనా వేయడానికే ఇది ఎక్కువగా అక్కరకొస్తుంది.

1979లో ఫిలడెల్ఫియాలోని విస్టార్ ఇన్‌స్టిట్యూట్‌లో హిలరీ కోప్రోవ్‌స్కీ బృందం ఎలుకల నుంచి తయారుచేసిన యాంటీబాడీల సాయంతో దీన్ని గుర్తించింది. వాళ్లు పరిశోధించింది పెద్దపేగు క్యాన్సర్ కణాల మీద. పరీక్ష స్థిరపడింది మాత్రం క్లోమ క్యాన్సర్‌లో.

శస్త్రచికిత్సకు ముందు ఈ అంకె ఎంత ఎక్కువగా ఉంటే, స్కాన్‌కు అందని చోట్లకు జబ్బు పాకి ఉంటుందన్న అనుమానం అంత బలపడుతుంది. 2016లో జపాన్‌లోని సెండాయ్‌లో సమావేశమైన నిపుణులు 500 యూనిట్లను హద్దుగా తీసుకున్నారు. కణితిని కోసి తీయడానికి వీలున్నట్టు కనిపించినా, అంకె ఆ హద్దు దాటితే అలాంటి రోగులను విడిగా చూడాలన్నారు. వీరికి ముందుగా కీమోథెరపీ ఇవ్వడం మేలని చాలామంది వైద్యుల అభిప్రాయం.

ఆపరేషన్ తర్వాతి అంకె ఇంకా ఎక్కువ చెబుతుంది. అమెరికాలో జరిగిన ఆర్‌టీఓజీ 9704 అధ్యయనంలో, కణితి తీసేశాక కూడా 180 దాటినవారు మిగతావారి కన్నా చాలా తక్కువ కాలం బతికారు. ఇతర అవయవాలకు పాకిన దశలోనైతే, కీమో మొదలైన రెండు నెలల్లో అంకె తగ్గడం మంచి సూచన.

అయితే ఒక్క అంకెను నమ్ముకోకూడదు. కణితి పైత్యరస నాళాన్ని నొక్కి కామెర్లు వస్తే సీఏ 19-9 అమాంతం పెరుగుతుంది. స్టెంట్ వేసి, బిలిరుబిన్ దిగాక మళ్లీ పరీక్షించాలి. క్లోమం వాపులోనూ పెరగవచ్చు. అందుకే ఏ లక్షణాలూ లేనివారికి దీన్ని ముందస్తు పరీక్షగా సిఫారసు చేయరు. మరోపక్క, జనాభాలో 5 నుంచి 10 శాతం మందికి పుట్టుకతోనే లూయిస్ రక్తవర్గ ఎంజైము ఉండదు. వాళ్ల శరీరం ఈ పదార్థాన్ని దాదాపుగా తయారుచేయదు కాబట్టి, జబ్బు ముదిరినా అంకె కదలకపోవచ్చు. అలాంటివారిలో సీఈఏ, సీఏ 125 పరీక్షలు కొంత తోడ్పడతాయి.

కణితి నుంచి రక్తంలోకి రాలిన డీఎన్‌ఏ తునకలను వెతకడం కొత్త దారి. క్లోమ క్యాన్సర్లలో సుమారు 90 శాతంలో కేఆర్‌ఏఎస్ జన్యువు మారి ఉంటుంది. ఆపరేషన్ తర్వాత ఆ మార్పు రక్తంలో కనిపిస్తే జబ్బు తిరగబెట్టే ముప్పు ఎక్కువ. కణితి చిన్నదైతే తునకలు దొరకడం కష్టం. కానీ ఈ పరీక్షకు లూయిస్ ఎంజైముతో పని లేదు.