చోరహృత ధనము – రాజధర్మము

దొంగకు దండనము విధించినంత మాత్రమున, ధనము కోల్పోయినవాని దుఃఖము తీరునా? మన ధర్మశాస్త్రకర్తలు ఈ ప్రశ్నను ఏనాడో విచారించిరి.

యజమాని తెలియని ద్రవ్యమును రాజు మూడు సంవత్సరములు భద్రపరుపవలెనని మనుస్మృతి అష్టమాధ్యాయము విధించినది. ఆ గడువులోపల స్వామి వచ్చి దాని రూపమును, సంఖ్యను సరిగా చెప్పినచో అది అతనిదే, అటుపిమ్మటనే రాజునకు. చోరులనుండి రాబట్టిన సొమ్మునకు నియమము మరింత కఠినము. దానిని సర్వవర్ణములవారికిని తిరిగి ఇచ్చివేయవలెను. తానే అనుభవించు రాజునకు దొంగ పాపమే అంటును.

సొమ్ము దొరకనిచో? రాజు స్వకోశమునుండి చెల్లింపవలెనని గౌతమ ధర్మసూత్రము, కౌటిల్యుని అర్థశాస్త్రము ఏకకంఠముగా పలికినవి. షడ్భాగమును గైకొనుచు ప్రజలను రక్షింపని రాజు లోకుల మాలిన్యమునెల్ల మోయునని మనువు హెచ్చరిక.

మహాపాతకుల ధనమును లోభముతో గ్రహింపరాదనియు, జలమున వరుణునకు అర్పింపవలెననియు, లేదా విద్వాంసుడగు విప్రునకు ఈయవలెననియు నవమాధ్యాయము చెప్పినది. ఇచట బాధితుని ప్రస్తావన లేదు. అయినను దండనము కోశమునకు ఆదాయమార్గము కారాదను సూక్ష్మము స్పష్టము.

2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 107వ సెక్షను, నేరార్జిత ధనమును జిల్లా మేజిస్ట్రేటు ద్వారా బాధితులకు పంచు మార్గమును కల్పించినది. హక్కుదారులు లేనిచో, లేక పంచగా మిగిలినచో, అది ప్రభుత్వమునకు చెందును. క్రమము ప్రాచీనమే: ముందు బాధితుడు, పిదప కోశము.

సాధకులారా! పరధనము మన చేతికి చిక్కినపుడు, అడుగువాడు లేడని అది మనదగునా? రాజునకు విధించిన ఈ ధర్మము మనకును వర్తించును.