షోలాపూరు పేటల్లో బరువుల బండ్లు



కిందటి దసరా సెలవుల్లో మా గల్లీలో తువ్వాళ్ల కార్ఖానా నడిపే ఒకాయన, నాకు వరసకు బావ, చిన్న హైబ్రిడ్ కారు కొన్నాడు. పాత కారే. పెట్రోలు ఇంజను ఉంటుంది, దానికి తోడు బ్యాటరీతో తిరిగే మోటారు కూడా ఉంటుంది. కొన్న నాలుగో రోజున ఆ కారుతో వచ్చిన పుస్తకం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఆయనకు మరాఠీ చదవడం వచ్చు, తెలుగు మాట్లాడడం వచ్చు. పుస్తకం ఇంగ్లీషులో ఉంది. "ఏం బామ్మర్దీ, దీని వెన్కకు ఓ చిన్న ట్రాలీ తగిలిస్తే మూటలు గుంజుతదా? టెంపో కిరాయి మిగుల్తది గద" అన్నాడు.

నేను బడిలో తెలుగు, మరాఠీ చెప్పే పంతులును. మోటారు మెకానిక్కును కాను. అయినా పుస్తకం తీసుకుని చదివాను. అందులో ఏముందో తరువాత మనవి చేస్తాను. ముందుగా చెప్పవలసింది ఏమిటంటే, బావ అడిగిన ప్రశ్న మా పేటలకు కొత్త కాదు. మూటను ఎవరు లాగాలి, లాగినందుకు ఖర్చు ఎవరి మీద పడాలి అన్న లెక్క ఈ ఊళ్లో 160 ఏళ్లకు పైగా నడుస్తున్నది.

రైలు రాకముందు దక్కనులో సరుకు కదిలించినవాళ్లు లంబాడీలు. పత్తి, ఉప్పు, ధాన్యం వాళ్ల ఎద్దుల వీపుల మీదనే వెళ్లేవి. బండి నడవలేని దారిలో కూడా ఎద్దు నడుస్తుంది. షోలాపూరుకు 1860లో రైలు వచ్చింది. 1871లో ఆ పట్టాలు రాయచూరు దగ్గర మద్రాసు రైలు మార్గంతో కలిశాయి. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు దారి పడింది. 1877లో ఇక్కడ మొదటి బట్టల మిల్లు నడక మొదలుపెట్టింది. తరువాత దానికే జూనీ మిల్లు, అంటే పాత మిల్లు, అన్న పేరు స్థిరపడిపోయింది. అవి పెద్ద కరువు రోజులు కూడా. నైజాం జిల్లాల నుంచి మన పద్మశాలీలు తరతరాలుగా ఇటు వచ్చి, ఊరికి తూర్పున సాఖర్ పేట్, భవానీ పేట్, దాజీ పేట్ వంటి చోట్ల మగ్గాలు దించుకున్నారు. ఈ సంగతులన్నీ మీరు ఇదివరకు కూడా విని ఉంటారు. కాని రైలు నూలును స్టేషను దాకానే తెచ్చింది. స్టేషను నుంచి మగ్గం గుంట దాకా ఉన్న ఆ రెండు మైళ్లు ఎట్లా కదిలిందన్నది ఎవరూ అంతగా చెప్పరు.

నూలు బేలు లెక్క 400 పౌండ్లు, అంటే 181 కిలోలు. ఒక్కో బేలులో పదేసి పౌండ్ల కట్టలు 40. బేలును రైలు పెట్టెకు తగినట్టు కట్టారు. కట్టను మాత్రం మనిషి చేతికి తగినట్టు కట్టారు. చిన్న నేతగాడు బేలు కొనలేడు, కట్టలే కొంటాడు. రెండు కట్టలు నెత్తిన పెట్టుకుని ఇంటికి వచ్చి, చిలపలు విప్పి, పడుగు పోసుకుని నేసుకుంటాడు. బట్ట అయ్యాక మళ్లీ నెత్తిన పెట్టుకుని సేటు దుకాణానికి పోతాడు. ఈ రాకపోకలకు మజూరీ ఎవరూ కట్టివ్వలేదు. నేత కూలిలోనే అది కలిసిపోయింది. ఇంకా సరిగా చెప్పాలంటే, కరిగిపోయింది.

ఒకరి నెత్తి చాలని రోజున హాత్‌గాడీ వచ్చింది. రెండు చక్రాలు, పైన బల్ల, ముందు రెండు కాడి కర్రలు, మధ్యన ఎద్దుకు బదులు మనిషి. మొదట చెక్క చక్రానికి ఇనుప పట్టా ఉండేది, తరువాత రబ్బరు టైరు వచ్చింది. డన్‌లప్ గాలి టైరును 1888లో సైకిలు కోసం కనిపెట్టాడు. దాని మేలు మా హమాలీల భుజాలకు చేరడానికి చాలా కాలమే పట్టింది.

మా పెదనాన్న హాత్‌గాడీ లాగేవాడు. చేతి మగ్గాలు తగ్గి కరెంటు మగ్గాలు పెరిగిన రోజులవి. గంజి పెట్టిన పడుగును ఇనుప భీముకు చుట్టి, సైజింగు నుంచి కార్ఖానాకు చేర్చాలి. ఆ భీమును ఒక్కడు ఎత్తలేడు. నలుగురు పట్టి బండి మీద పెడితే, లాగేది మాత్రం ఒక్కడే. బరువు ఎట్లా సర్దాలో ఆయన నాకు చిన్నప్పుడే చెప్పాడు. బరువంతా ఇరుసు మీద ఉండాలి, కాని రవ్వంత ముందుకు మొగ్గాలి. మరీ ముందుకైతే చేతులు పడిపోతాయి. వెనక్కైతే కాడి కర్రలు లేచి, లాగేవాణ్ణి గాల్లో వేలాడదీస్తాయి. నిజంగానే అట్లా వేలాడిన మనిషిని కన్నా చౌక్‌లో నేను చూశాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు.

మా తరగతిలో పిల్లలకు ఈ పాఠం స్ప్రింగు త్రాసుతో చూపిస్తుంటాను. బొమ్మ బండికి త్రాసు కట్టి లాగితే లెక్క కంటికి కనిపిస్తుంది. పెద్ద బండికి కూడా అదే లెక్క. బండీ సరుకూ కలిసి 500 కిలోలు ఉన్నాయనుకుందాం. మంచి తారు రోడ్డు మీద, టైర్లలో గాలి నిండుగా ఉంటే, దాన్ని నడిపించడానికి సుమారు 10 కిలోల లాగుడు చాలు. అందుకే బక్కచిక్కిన మనిషి కూడా అంత సరుకు లాక్కుపోగలడు. కాని 20 అడుగుల దూరానికి ఒక అడుగు లేచే ఎక్కుడు వచ్చిందంటే, అదనంగా మరో 25 కిలోలు కావాలి. ఒక్కసారిగా పని మూడింతలకు మించిపోతుంది. రైల్వే వంతెన దగ్గరికి రాగానే మా పెద్దమ్మ వెనక నుంచి తోసేది. ముందు ఒక శక్తి, వెనక ఒక శక్తి. హైబ్రిడ్ అన్న మాట మా పేటకు ఇప్పుడు వచ్చింది కాని, ఆ పద్ధతి వాళ్లిద్దరికీ అప్పుడే తెలుసు.

అసలు భయం ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. హాత్‌గాడీకి బ్రేకు లేదు. మనిషి వెనక్కి వాలి, మడమలు రోడ్డుకు తన్ని పట్టి, 500 కిలోలను ఆపాలి. 1988 ప్రాంతంలో, నేను మూడో తరగతిలో ఉండగా, ఒక వానాకాలం సాయంత్రం పెదనాన్న భీముతో వంతెన దిగుతున్నాడు. పెద్దమ్మకు జ్వరమని ఆ రోజు వెంట రాలేదు. బురదలో మడమ జారింది. బండి ఆయన్ని ముందుకు తోసుకుంటూ పోయింది. కింద మనుషులున్నారని ఆయన బండిని గోడకేసి తిప్పాడు. కుడి చేతి రెండు వేళ్లు గోడకూ కాడి కర్రకూ మధ్య నలిగిపోయాయి. తడిసి పాడైన పడుగు విలువను ఆ కార్ఖానా యజమాని ఆయన కూలిలో కోసుకున్నాడు. వేళ్ల లెక్క ఎవరూ కట్టలేదు.

హమాలీలకు చట్టం లేకపోలేదు. మాథాడీ, హమాలీ కార్మికుల కోసం మహారాష్ట్ర 1969లోనే చట్టం చేసింది. బోర్డులు, కూలి లెక్కలు, భవిష్యనిధి వచ్చాయి. దేశంలో అటువంటి చట్టాల్లో ముందుగా వచ్చినది అదే. మంచి చట్టం. అంతకు రెండేళ్ల ముందు, 1967లో, అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒక మగవాడు మోయదగిన బరువు 55 కిలోలు దాటరాదని సిఫారసు చేసింది. దానికి సంబంధించిన ఒడంబడికను మన దేశం 2010లో ఆమోదించింది. కాని మా పెదనాన్న పేరు ఏ బోర్డు పుస్తకంలోనూ లేదు. పిలిచినవాడికల్లా బండి లాగే మనిషికి యజమాని ఎవరని రాస్తారు?

ఇక టెంపో సంగతి. ఈ మాట మహారాష్ట్రలో ఎంత పాతుకుపోయిందంటే, అది ఒక కంపెనీ పేరని చాలామందికి తెలియదు. జర్మనీలో టెంపో అన్న కారఖానా మూడు చక్రాల హన్సియాట్ బండిని తయారు చేసేది. దానితో ఒప్పందం చేసుకుని బజాజ్ టెంపో కంపెనీ 1958లో ఇక్కడ వాటి తయారీ మొదలుపెట్టింది. తరువాత పుణె దగ్గర ఆకుర్డీకి మారింది. ముందు ఒకే చక్రం, పందిమూతి వంటి ముక్కు, డగడగమని చప్పుడు. జర్మనీలో 1950ల్లోనే ఆగిపోయిన ఆ బండి మన దగ్గర 2000 దాకా తయారైంది. 2005లో ఆ కంపెనీ తన పేరు ఫోర్స్ మోటార్స్ అని మార్చుకుంది. మా పేటల్లో మాత్రం ఏ కంపెనీ బండి వచ్చి నిలబడినా ఈనాటికీ "టెంపో వచ్చింది" అనే అంటారు.

అదే పుణె నుంచి 1972లో లూనా వచ్చింది. తొక్కే పెడళ్లున్న ఆ చిన్న మోపెడ్ మీద మనవాళ్లు నూలు సంచులు ముందొకటి, వెనకొకటి పెట్టి నడిపారు. దాన్ని తయారు చేసినవాళ్లు కూడా అంత బరువు ఊహించి ఉండరు. 2024లో అదే పేరుతో కరెంటు లూనా వచ్చింది. ఈసారి 150 కిలోలు మోస్తుందని వాళ్లే చెప్పుకున్నారు. 2005లో టాటా ఏస్ వచ్చింది. 750 కిలోలు మోసే ఆ నాలుగు చక్రాల బండిని జనం చోటా హాథీ అని ముద్దుగా పిలిచారు. షోలాపురీ చాదరుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది కూడా ఆ రోజుల్లోనే. చోటా హాథీతో హాత్‌గాడీల రోజులు దాదాపు ముగిశాయి. అప్పు దొరికిన హమాలీలు కొందరు డ్రైవర్లయ్యారు. అప్పు దొరకనివాళ్లు ఏమయ్యారో రాసి పెట్టినవాళ్లు లేరు. మా పెదనాన్న రాత్రి కాపలా పనికి పోయాడు.

ఇక్కడ ఆడవాళ్ల మోత గురించి చెప్పకపోతే తప్పవుతుంది. మగవాళ్లు కార్ఖానాలో ఉంటే, మా పేటల ఆడవాళ్లు బీడీలు చుడతారు. తునికాకు, తంబాకు తెచ్చుకోవడం, చుట్టిన బీడీలు పట్టుకుపోయి లెక్క అప్పజెప్పడం వాళ్ల పనే. 2006లో ఊరి బయట కుంభారి దగ్గర బీడీ కార్మికులకు పదివేల ఇళ్ల కాలనీ ఏర్పడింది. 2024 జనవరి 19న రే నగర్‌లో మరో 15,000 ఇళ్ల తాళాలు పేదలకు అందాయి. సొంత ఇల్లంటే చిన్న సంగతి కాదు, మా బంధువులే ఎందరో అక్కడ గృహప్రవేశాలు చేసుకున్నారు. అయితే గల్లీ చివర ఉన్న పని ఊరికి ఆ చివరకు జరిగిపోయింది. పాత రెండు మైళ్లు పెరిగిపోయాయి. ఆటో కిరాయి మళ్లీ ఆ బీడీల కూలిలోంచే పోతున్నది.

ఇప్పుడు మా బావ కారు దగ్గరికి వద్దాం. పెట్రోలు, కరెంటు కలిసి నడిచే కారును టొయోటా కంపెనీ 1997లో జపానులో మొదట పెద్ద ఎత్తున అమ్మింది. అందులో గమ్మత్తు ఏమిటంటే, కదిలే మొదటి క్షణంలో పెట్రోలు ఇంజనుకు బలం తక్కువ, కరెంటు మోటారుకు బలం ఎక్కువ. కనుక మొదట మోటారు తోస్తుంది. దిగుడులో అదే మోటారు తిరగబడి కరెంటు పుట్టిస్తుంది, చక్రాలను పట్టి ఆపుతుంది, ఆ కరెంటు బ్యాటరీలోకి పోతుంది. ఎక్కేటప్పుడు తోసే చెయ్యి, దిగేటప్పుడు ఆపే చెయ్యి. పెదనాన్న వెనక పెద్దమ్మ చేసిన పనే ఇది.

అయినా బావ తెచ్చిన పుస్తకంలో స్పష్టంగా ఒక మాట ఉంది: ఈ కారుతో ఏదీ లాగరాదు. ఎందుకని నేను కొంత చదివి చూశాను. దాని బ్రేకులు, గేర్లు, వాటిని చల్లబరిచే ఏర్పాటు ఆ కారు బరువుకే కొలిచి పెట్టినవి. బ్యాటరీ చిన్నది. పొడుగాటి ఎక్కుడులో అది అయిపోతే మిగిలేది చిన్న ఇంజను ఒక్కటే. బ్యాటరీ నిండిపోతే దిగుడులో కరెంటు పుట్టించి ఆపడం కూడా తగ్గిపోతుంది. వెనక బ్రేకు లేని ట్రాలీ ఉంటే, వానలో అది కారునే ముందుకు తోస్తుంది. ఇక 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలరుకు కూడా రిజిస్ట్రేషను కావాలి. వెల్డింగు షాపులో కొక్కెం అతికించినంత మాత్రాన సరిపోదు. పెద్ద కార్లకు ట్రైలరు కట్టే దేశాల్లో, మొత్తం బరువులో సుమారు పదో వంతు కొక్కెం మీద మొగ్గాలని చెబుతారట. రవ్వంత ముందుకు అన్న పెదనాన్న మాట అక్కడ నాకు మళ్లీ ఎదురైంది.

మరి లోపల పెట్టుకుంటే? అయిదుగురు కూర్చునే కారు. మనిషికి 75 కిలోల చొప్పున 375 కిలోలు. నడిపేవాడిని తీసేస్తే 300 మిగులుతాయి. అదీ బరువు కింద పరిచినట్టు సర్ది, తాళ్లతో బిగిస్తేనే. వదులుగా పెట్టిన మూట బ్రేకు కొట్టగానే డ్రైవరు మెడ మీదికి వస్తుంది. కిరాయికి సరుకు తిప్పడానికి సొంత కారు కాగితాలు పనికిరావు.

ఇదంతా చెబితే బావ కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఇగ పెద్దనాయిన వేళ్లు యాదికొచ్చినయ్ లే" అన్నాడు. నేను ఆ మాట ఎత్తనేలేదు. ట్రాలీ బేరం మానుకున్నాడు. కారులో ఇప్పుడు నమూనా తువ్వాళ్లు, భార్యా పిల్లలు తిరుగుతున్నారు.

సోమవారం మూటలకు టెంపో పిలిచాడు. వచ్చిన కుర్రవాడు ఒకప్పుడు మా పెదనాన్నతో పాటు హాత్‌గాడీ లాగినాయన కొడుకే. కిరాయి దగ్గర బావ ఎప్పటిలాగే బేరమాడాడు గాని, ఈసారి యాభై రూపాయల దగ్గర పట్టు విడిచాడు. మూటలన్నీ ఎక్కించాక ఆ కుర్రవాడు వెనక డాలా వేయబోయి ఆగి, ఒక మూటను రెండు చేతులతో ముందుకు జరిపాడు. ఎందుకని అడిగాను. "బరువు జరంత ముందుకుండాలె సార్, మా నాయిన చెప్పిండు" అన్నాడు.

సెలవు.