గోదావరీసీమ చిత్రసంగ్రహము

సంగ్రహశబ్దము గ్రహధాతువునుండి పుట్టినది. ఆ ధాతువునకు సమ్ అను నుపసర్గము చేరినపుడు పాణిని మతమున రెండు రూపములు సిద్ధించుచున్నవి. పిడికిలిపట్టు అను నర్థమున సంగ్రాహము. పదార్థములను గూర్చుట యను నర్థమున సంగ్రహము. మల్లుని పట్టు సంగ్రాహమే గాని సంగ్రహము గాదు. వ్యాకరణమున నీ భేదము హ్రస్వదీర్ఘమాత్రముగా దోచినను, చిత్రశాలల చరిత్రమున మిక్కిలి యుపకరించును. ధనికు డొక పటమును గొని తన యింట దాచుకొనుట మొదటిదానికి సమానము. పదుగురు చూచుటకై దానిని లోకము గ్రహించి కాపాడుట రెండవది. గోదావరీతీరమున నొక చిత్రకారుని కృతులు మొదటిదాని పాలుగాక రెండవదానికి జెందిన విధము విచారింపదగి యున్నది.

పూర్వము శిల్పమునకు దేవాలయమే సంగ్రహస్థానము. ధవళేశ్వరమునకు దిగువ గోదావరి చీలగా గౌతమీవసిష్ఠల నడుమ నేర్పడిన కోనసీమలో ర్యాలి యను గ్రామము కలదు. అచ్చటి జగన్మోహినీకేశవస్వామి మూర్తి ఏకశిలయందు ముందువైపున కేశవుడుగను వెనుకవైపున మోహినిగను మలచబడినది. దర్శనమునకు వచ్చిన ప్రతివాడును దానిని చుట్టివచ్చి చూచును. అట్టి శిల్పము ఎవ్వని పిడికిటను లేదు.

ఆంగ్లేయుల కాలమున మ్యూజియము లేర్పడినవి. చెన్నపురి మ్యూజియము 1851వ సంవత్సరమున స్థాపింపబడి, అమరావతీశిల్పములకు నిలయమైనది. కోనసీమలోని ముక్తేశ్వరమున జన్మించిన జయంతి రామయ్యపంతులు 1911లో చెన్నపురియందు ఆంధ్రసాహిత్యపరిషత్తును నెలకొల్పెను. పిదప కాకినాడకు దరలిన యా పరిషత్తు తాళపత్రములను, తామ్రశాసనములను, నాణెములను గూర్చి రక్షించినది. ఇట్లు పురాతనవస్తువులకు నాశ్రయము దొరకెను. జీవించియున్న చిత్రకారుని పటమునకు మాత్రము స్వదేశమున నట్టి యాశ్రయము లేకుండెను. తిరువాన్కూరులో రాజాశ్రయముండుటచే 1935లో శ్రీచిత్రాలయము వెలసి, రవివర్మ కృతులు స్వదేశముననే నిలిచినవి. రాజమహేంద్రవరమున నట్టి రాజాశ్రయము లేదు.

దామెర్ల రామారావు 1897వ సంవత్సరమున రాజమహేంద్రవరమున జన్మించెను. ఆ నగరపు ప్రభుత్వకళాశాలాధ్యక్షుడు ఆస్వాల్డు కూల్డ్రే యతని ప్రతిభను గుర్తించి ప్రోత్సహించెను. అడివి బాపిరాజును నీ కూల్డ్రే శిష్యుడే. రామారావు 1916లో బొంబాయి జంషెట్జీ జీజీభాయి చిత్రకళాశాలయందు జేరి, విద్య ముగించి, పెద్దనగరములందు నిలువక స్వస్థలమునకు మరలివచ్చి చిత్రకళాశాలను స్థాపించెను. పాశ్చాత్యపద్ధతి నేర్చియు, అతడు చిత్రించినవి తెలుగు స్త్రీల యలంకారములు, గోదావరీతీరములు, పురాణకథలు. 1925 ఫిబ్రవరిలో మశూచికముచే మరణించునాటికి అతనికి నిరువదియెనిమిదేండ్లయిన నిండలేదు.

అప్పటికి మిగిలినవి ముప్పదికి పైబడిన తైలవర్ణచిత్రములు, నూటికి పైబడిన జలవర్ణచిత్రములు, పెక్కు రేఖాచిత్రములు. వీనిని వేర్వేరుగ నమ్మినచో కొన్నాళ్ళకు ధనము వచ్చి యుండును. కాని పటములు కొనినవారి గోడలకు జేరి, కాలక్రమమున నొండొంటి జాడయైన దెలియక పోయి యుండును. రామారావు సతీమణి సత్యవాణియు, మిత్రుడు వరద వెంకటరత్నమును వానిని చెదరనీయలేదు. సత్యవాణియు, రామారావు సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మయు స్వయముగ చిత్రకర్త్రులు. వెంకటరత్నము చిత్రకళాశాలను జీవితాంతము నిలబెట్టెను. ఆ పటములే రామారావు స్మారకచిత్రశాలకు మూలధనమైనవి. చిత్రశాల తరువాత ప్రభుత్వాధీనమైనది. ఇచ్చట ప్రభుత్వము సంగ్రహమును సృజింపలేదు. ఇరువురి పూనికచే సిద్ధమైన సంగ్రహమును స్వీకరించినది.

ఇట్టి కృతులు మహానగరములందే భద్రముగ నుండునని యొక పక్షము కలదు. ఢిల్లీలో 1954న జాతీయ ఆధునిక చిత్రశాల ప్రారంభమైనది; అట్టిచోట శిక్షితులైన రక్షకులును, సాధనసంపత్తియు నుండును. నదీతీరపు తేమ కాగితమునకును వర్ణమునకును శత్రువనుటయు సత్యమే. ఐనను మహాసంగ్రహమున నొక ప్రాంతీయుని పటము ఒకటి రెండుగ మాత్రమే చేరి, పెక్కుదినములు పెట్టెలలో నుండును. రాజమహేంద్రవరముననో, ఒక యువకుని చిత్తు రేఖ మొదలుకొని ముగిసిన తైలచిత్రము వరకు నొక్కచోట గనబడును. వెలుపలికి వచ్చినచో నతడు చిత్రించిన నదియే యెదుట నుండును. కావున తేమకు ప్రతిక్రియ యావశ్యకము గాని, స్థానచ్యుతి గాదు.

అయితే మృతుని కృతులను గాపాడుటతో సంగ్రహధర్మము ముగియదు. క్రొత్తది చేరనిచో నది స్మారకమే యగును. 2022లో అమలాపురము కేంద్రముగ కోనసీమ ప్రత్యేకజిల్లా యైనది. ఆ జిల్లాలోని కొత్తపేట శిల్పులు మలచిన నాయకవిగ్రహములు తెలుగునాట నెన్నో కూడళ్ళ నిలిచియున్నవి. బాటసారి నాయకుని గుర్తించును, శిల్పి నెఱుగడు. శాసనపరిశోధకులు తామ్రపత్రమునకు దొరకిన గ్రామము, కాలము, లేఖకుని నామము శ్రద్ధతో వ్రాసికొందురు. అట్టి శ్రద్ధలో నాలవపాలైనను సజీవశిల్పిపట్ల జూపినచో, అతని మట్టినమూనా యొకటి, పేరుతోను సంవత్సరముతోను జిల్లాసంగ్రహమున జేరును. ఇందులకు గావలసిన వెల యల్పము. నూరేండ్లకు పిమ్మట తునుకల నేరి కర్తను వెదకు శ్రమకంటె, నేడు కర్త యెదుట నుండగా నతని నడిగి వ్రాసికొనుట సులభము.