రాముడి బొమ్మ ఉన్న 1818 నాణెం కంపెనీ కొట్టిందేనా?



ఈమధ్య మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక నాణెం ఫొటో మళ్లీ మళ్లీ తిరుగుతున్నది. ఒక పక్క రాముడు, సీత, లక్ష్మణుడు, ఆంజనేయుడు. ఇంకో పక్క 'ఈస్ట్ ఇండియా కంపెనీ', 'యు.కె.ఎల్. ఒన్ అణా', 1818. బియ్యం గింజలను గుంజుతదట, కోట్లు పలుకుతదట. మా సైటులో ఒక తమ్ముడి ఇంటివాళ్లు దీనికి అడ్వాన్సు కట్టడానికి అప్పు కోసం తిరుగుతున్నరు. అందుకని మేము రూములో నలుగురం కూర్చుని దీని చరిత్ర చూసినం. తెలిసింది రాస్తున్నం, ఓపికగా చదవండి.

ముందు సంవత్సరం సంగతి. ఇవే బొమ్మలతో 1616, 1717 అని ఉన్నవి కూడా అమ్ముతున్నరు. కంపెనీకి ఇంగ్లండు రాణి పట్టా ఇచ్చింది 1600 డిసెంబర్ 31న. 1611లో మన మచిలీపట్నంలో బట్టల వ్యాపారానికి దిగింది. 1616లో ఇంగ్లండు రాజు దూత థామస్ రో అజ్మీరులో జహంగీరు పాదుషా దర్బారుకు పోయి, వ్యాపారం చేసుకోనివ్వమని అడుగుతున్నడు. అట్లా అడుక్కునే రోజుల్లో తన పేరు వేసి అణాలు కొట్టి ఊర్లలో పంచుతదా?

తర్వాత కంపెనీకి బలం పెరిగింది, రాజ్యాలు చేతికొచ్చినయి. అయినా 1835 దాకా రూపాయి మీద మొగల్ పాదుషా పేరే వేసింది, అదీ పారసీ అక్షరాల్లో. జనం నమ్మేది ఆ పేరునే కదా. 1835లో చట్టం చేసి, తన ఏలుబడి మొత్తానికి ఒకే రూపాయి తెచ్చింది. దాని మీద నాలుగో విలియం రాజు తల. బరువు 11.66 గ్రాములు. దాంతోపాటు రాగిలో అర అణా, పావు అణా, అణాలో పన్నెండో వంతు వచ్చినయి.

1818 సంగతి చూడండి. మద్రాసు ప్రెసిడెన్సీ లెక్కలు అప్పటిదాకా వరహాల్లో నడిచినయి. ఒక వరహాకు 42 ఫణాలు, ఒక ఫణానికి 80 కాసులు. రూపాయిని అక్కడ అసలు లెక్కగా ఒప్పుకున్నదే 1818లో. మన తెలంగాణ దిక్కు నిజాం రాజ్యం. ఇక 'ఒన్ అణా' అని రాసిన రాగి నాణెం కంపెనీ ఎప్పుడూ కొట్టలేదు. మన తాతలు వాడిన, అంచు వంపులు తిరిగిన అణా బిళ్ల 1906 చట్టం తర్వాత, ఎడ్వర్డు రాజు కాలంలో వచ్చింది. అదీ రాగిది కాదు, నికెల్ కలిపిన తెల్లటిది.

'యు.కె.ఎల్.' అన్న అక్షరాలు కంపెనీ గుర్తు కాదు. కంపెనీ గుర్తు గుండె ఆకారంలో ఉండి, నాలుగు భాగాలు చేసి, 'వి.ఇ.ఐ.సి.' అక్షరాలు ఉంటయి. 1790ల్లో ఉత్తర సర్కారు జిల్లాల కోసం ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో కొట్టించి, ఓడల్లో తెప్పించిన రాగి నాణేల మీద ఆ గుర్తు చూడొచ్చు.

అయితే దేవుడి బొమ్మ ఉన్నంత మాత్రాన దొంగ నాణెం అనడం కూడా తప్పే. కంపెనీ మద్రాసులో 1807 తర్వాత కొట్టిన వెండి పావు వరహా మీద ఒక పక్క గుడి గోపురం, ఇంకో పక్క విష్ణువు. చుట్టూ తమిళం, తెలుగు అక్షరాలు. బంగారు వరహాల మీద స్వామి, ఇద్దరు అమ్మవార్లు ఉండేవాళ్లు. కృష్ణదేవరాయలు వేంకటేశ్వరుడి బొమ్మతో నాణెం వేయించిండు. కాబట్టి ఇక్కడ అబద్ధం చెప్తున్నది దేవుడి బొమ్మ కాదు, దాని వెనకున్న ఏడాది, అక్షరాలు.

మరి ఈ బిళ్లలు ఏంటివి? పూజ గదిలో పెట్టుకునేందుకు రామటంకాలు అని చాలాకాలంగా చేస్తున్నరు. అవి భక్తితో ఉంచుకునేవి, బజారులో చెల్లే డబ్బు కాదు. వాటికే కంపెనీ పేరు, పాత ఏడాది తగిలించి అమ్ముతున్నరు. ఇంట్లో పెద్దల నాటి నుంచి ఉంటే దండం పెట్టుకోండి, తప్పు లేదు. లక్షలు పోసి కొనకండి.

చేతికి ఏ పాత నాణెం వచ్చినా ఈ నాలుగు చూడండి:

1. తూకం. బంగారం కొట్టులో వేయించండి. 1835 అర అణా దాదాపు 12.95 గ్రాములు, పావు అణా 6.47. అరుగుదలకు కొంచెం తగ్గొచ్చు, గ్రాములకు గ్రాములు తేడా రాదు.
2. అయస్కాంతం. రాగి, వెండి, బంగారం అంటుకోవు. అంటుకుంటే లోపల ఇనుము ఉన్నట్టే.
3. అంచు. అచ్చులో పోసిన దానికి అంచు చుట్టూ అతుకు గీత, పైన సన్న సన్న గుంటలు కనబడుతయి. డై పెట్టి కొట్టిన దాని అక్షరాలు తేటగా ఉంటయి.
4. చింతపండుతో తోమొద్దు. అసలుదైనా తోమితే విలువ పోతది.

బియ్యం గుంజుడు సంగతి. ఏ నాణెమూ ఉత్త బియ్యాన్ని గుంజదు. ఇనుప పొడి పట్టించిన గింజలు, కింద అయస్కాంతం, అంతే ఆట. మన సంచిలో బియ్యం మనమే పోస్తామంటే వాళ్లు ఒప్పుకోరు. ఇరిడియం అంటరు, విదేశీ సైంటిస్టు వస్తడంటరు, టెస్టింగు ఫీజు అంటరు. ఫీజు కట్టినంక ఫోన్ ఎత్తరు.

ఇంకో మాట. నిజంగానే వందేళ్లు దాటిన నాణెమైతే అది పురావస్తువు. 1972 చట్టం ప్రకారం మనలాంటోళ్లు దాన్ని దేశం దాటించరాదు. 'ఇక్కడ షేక్ కొంటడు, తీసుకురా' అన్నోడి మాట విని సూట్‌కేసులో పెట్టుకుంటే విమానాశ్రయంలో ఇరుక్కునేది మనమే.

అసలు కంపెనీ నాణేలు చూడాలనుంటే సెలవు మీద పోయినప్పుడు హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియానికి, సైఫాబాద్ టంకశాల మ్యూజియానికి పిల్లల్ని తీసుకపోండి. అసలుది ఒక్కసారి కంటితో చూసినోన్ని మోసం చెయ్యడం కష్టం.

ఆ తమ్ముడి ఇంటికి ఇదంతా ఫోన్లో చెప్పినం. అప్పు పత్రం మీద ఇంకా సంతకం కాలేదన్నరు. మీ ఊర్లో ఎవరైనా ఇట్లాంటి దానికి పైసలు కట్టేటట్టుంటే, కట్టకముందే ఇది చదివి వినిపించండి.