ప్లేమ్ ఉదంతం

అమెరికా గూఢచారి సంస్థ సీఐఏలో రహస్యంగా పనిచేస్తున్న వేలరీ ప్లేమ్ పేరు 2003 జూలై 14న పత్రికకెక్కింది. ఆ వెంట నాలుగేళ్లపాటు సాగిన దర్యాప్తు, ఒక విలేకరి జైలువాసం, ఉపాధ్యక్షుడి ముఖ్య అధికారి మీద విచారణ, వీటన్నిటికీ కలిపి ప్లేమ్ ఉదంతం అని పేరు. సీఐఏ లీకు కేసు అని కూడా అంటారు. ఇరాక్ యుద్ధానికి చెప్పిన కారణాల మీద రేగిన పెద్ద గొడవలో ఇదొక పాయ. విచిత్రమేమిటంటే, ఆమె పేరు బయటపెట్టిన నేరానికి ఎవరి మీదా అభియోగం నమోదు కాలేదు. శిక్ష పడింది ఒక్కడికే. అదీ, దర్యాప్తులో అబద్ధాలాడినందుకు.

గూఢచారుల పేర్లు బయటపెట్టడం అమెరికాలో నేరంగా మారడానికి వెనక ఒక హత్య ఉంది. సీఐఏలో పనిచేసి బయటికొచ్చిన ఫిలిప్ ఏజీ 1975లో రాసిన పుస్తకంలో తన పాత సహోద్యోగుల పేర్లు బోలెడు అచ్చువేశాడు. అదే ఏడాది డిసెంబర్ 23 రాత్రి ఏథెన్స్‌లోని సీఐఏ కేంద్రం అధిపతి రిచర్డ్ వెల్ష్‌ను ఆయన ఇంటి ముందే కాల్చి చంపారు. వెల్ష్ పేరు అంతకుముందే పత్రికల్లో వచ్చింది. ఆ పాపం ఏజీదేనా అన్నది ఇప్పటికీ వాదోపవాదాల్లోనే ఉంది. సీఐఏ అధికారులు ఒకరి తర్వాత ఒకరు కాపురముంటూ వచ్చిన ఇల్లు అది, కాబట్టి పత్రిక చదవకపోయినా కనిపెట్టడం కష్టమేమీ కాదు. ఏమైనా అమెరికా కాంగ్రెస్‌లో ఆ హత్య ప్రభావం గట్టిగానే పడింది. 1982లో గూఢచారుల గుర్తింపు పరిరక్షణ చట్టం వచ్చింది. అప్పట్లో పదేళ్లదాకా జైలు. కాకపోతే రుజువు చేయాల్సినవి చాలా ఉండేవి. ఆ వ్యక్తి రహస్య ఉద్యోగి అని నిందితుడికి తెలిసి ఉండాలి, ప్రభుత్వం ఆ సంగతి దాచిపెడుతోందనీ తెలిసి ఉండాలి, ఆ ఉద్యోగి గత ఐదేళ్లలో విదేశాల్లో పనిచేసి ఉండాలన్నది అప్పటి షరతు. సంస్థ మీద పగబట్టి పేర్ల జాబితాలు అచ్చువేసే ఏజీలాంటి వాళ్లను దృష్టిలో పెట్టుకుని అల్లిన వల అది. అధికారంలో కూర్చున్నవాళ్లు కబుర్ల మధ్య ఒక పేరు జారవిడిస్తే ఏమిటన్న ఆలోచన చట్టం రాసినవాళ్లకు వచ్చినట్టు లేదు.

ఇక అసలు కథ ఆఫ్రికాలోని నైజర్ దేశంలో మొదలవుతుంది. ఇరాక్ నియంత సద్దాం హుస్సేన్ అక్కడినుంచి వందల టన్నుల యురేనియం కొనబోతున్నాడని ఇటలీ గూఢచారి వర్గాల నుంచి అమెరికాకు కబురొచ్చింది. అది నిజమో కాదో చూసిరమ్మని 2002 ఫిబ్రవరిలో సీఐఏ జోసెఫ్ విల్సన్ అనే మాజీ రాయబారిని పంపింది. విల్సన్ సామాన్యుడు కాడు. 1990లో కువైట్ ఆక్రమణ నాటికి బాగ్దాద్‌లోని అమెరికా దౌత్య కార్యాలయానికి పెద్ద దిక్కు ఆయనే. విదేశీయులకు ఆశ్రయమిచ్చేవాళ్లను ఉరితీస్తామని సద్దాం ప్రభుత్వం బెదిరిస్తే, మెడలో ఉరితాడు వేసుకుని విలేకరుల ముందుకొచ్చిన మనిషి. నైజర్‌లో ఎనిమిది రోజులుండి, మాజీ మంత్రులతో, అధికారులతో తియ్యటి పుదీనా టీలు తాగుతూ మాట్లాడి, అలాంటి బేరం జరిగే వీలే లేదని తేల్చుకుని వచ్చాడు. అప్పట్లో అక్కడి గనుల్లో విదేశీ కంపెనీల వాటాలుండేవి, వాటి మీద అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కన్ను ఉండేది.

అయినా 2003 జనవరి 28న కాంగ్రెస్ ఉభయసభల ముందు చేసిన ప్రసంగంలో అధ్యక్షుడు జార్జ్ బుష్ ఆ ఆరోపణ చేయనే చేశాడు, బ్రిటిష్ ప్రభుత్వం చెప్పిన మాటగా. ఇంగ్లిష్‌లో సరిగ్గా పదహారు మాటల వాక్యం. తర్వాత ఆ వాక్యానికి 'పదహారు మాటలు' అనే పేరే స్థిరపడింది. మార్చి 7న అణుశక్తి సంస్థ ఆ లావాదేవీకి ఆధారంగా చూపిన పత్రాలు నకిలీవని ప్రకటించింది. ఒక పత్రం మీద ఎప్పుడో పదవి దిగిపోయిన మంత్రి సంతకం ఉంది. మరో రెండు వారాలకు యుద్ధం మొదలైంది. బాగ్దాద్ పడిపోయింది. యుద్ధానికి కారణంగా చూపిన ఆయుధాలు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

జూలై 6న విల్సన్ న్యూయార్క్ టైమ్స్‌లో తన పేరుతోనే వ్యాసం రాశాడు. తాను ఆఫ్రికాలో ఏమి చూడలేదో చెప్పి, యుద్ధానికి ముందు ప్రభుత్వం సమాచారాన్ని వంకర తిప్పిందని ఆరోపించాడు. మర్నాడే వైట్‌హౌస్ ఆ వాక్యం ప్రసంగంలో ఉండాల్సింది కాదని ఒప్పుకుంది. జూలై 11న సీఐఏ అధిపతి జార్జ్ టెనెట్ తప్పు తన సంస్థదేనని నెత్తినేసుకున్నాడు. గొడవ అంతటితో చల్లారిపోయి ఉండేదేమో. కానీ ఉపాధ్యక్షుడు డిక్ చెనీకి ఆ వ్యాసం ముల్లులా గుచ్చుకుంది. పత్రికలోంచి ఆ వ్యాసం కత్తిరించి, అంచుల్లో స్వదస్తూరీతో ప్రశ్నలు రాసుకున్నాడు. ఇలా రాయబారిని పంపడం ఎప్పుడైనా జరిగిందా, లేక భార్యే ఆయన్ను ప్రభుత్వ ఖర్చుతో షికారుకు పంపిందా అన్నది వాటి సారాంశం. ఆ కాగితం ముక్క తర్వాత కోర్టులో సాక్ష్యంగా నిలిచింది.

ఆ భార్యే వేలరీ ప్లేమ్. 1985లో సీఐఏలో చేరింది. అణ్వాయుధాల వ్యాప్తిని అడ్డుకునే విభాగంలో పని. ఇరుగుపొరుగుకు మాత్రం ఆమె ఇంధన రంగంలో సలహాదారు, ఇద్దరు కవల పిల్లల తల్లి.

ఆమె పేరు ఎలా ప్రయాణించిందో చూస్తే ఈ కథలో పెద్ద కుట్ర ఎంత ఉందో, నోటి తీట ఎంత ఉందో విడదీయడం కష్టం. 2003 జూన్ 13న విదేశాంగ శాఖలో రెండో స్థానంలో ఉన్న రిచర్డ్ ఆర్మిటేజ్, వాటర్‌గేట్ వార్తలతో పేరు మోసిన విలేకరి బాబ్ వుడ్‌వర్డ్‌తో మాట్లాడుతూ విల్సన్ భార్య సీఐఏలో పనిచేస్తుందని బూతుల మధ్య చెప్పేశాడు. ఆ సంభాషణ టేపు తర్వాత కోర్టు హాల్లో వినిపించారు. జూలై 8న అదే ఆర్మిటేజ్ ఆ ముక్కే కాలమిస్టు రాబర్ట్ నోవాక్ చెవిన వేశాడు. ఆర్మిటేజ్ యుద్ధం మీద అంత ఉత్సాహం లేనివాడు, విల్సన్ మీద కక్ష లేనివాడు. మరోపక్క కక్ష ఉన్నవాళ్లు వేరే దారిలో అదే పని చేస్తున్నారు. చెనీ ముఖ్య అధికారి లూయిస్ లిబ్బీ, అందరూ స్కూటర్ అని పిలిచే మనిషి, అదే రోజు ఉదయం వాషింగ్టన్‌లో ఒక హోటల్లో అల్పాహారం దగ్గర న్యూయార్క్ టైమ్స్ విలేకరి జుడిత్ మిల్లర్‌తో ఆ ప్రస్తావన తెచ్చాడు. నోవాక్ నిర్ధారించుకోవడానికి అడిగితే, తానూ విన్నానని బుష్ రాజకీయ వ్యూహకర్త కార్ల్ రోవ్ అన్నాడు. టైమ్ పత్రిక విలేకరి మాథ్యూ కూపర్‌కు కూడా రోవే చెప్పాడు.

నోవాక్‌కు అసలే నోరు ఆగదు. విల్సన్ తన పుస్తకంలో రాసుకున్న దాని ప్రకారం, జూలై 8న రోడ్డు మీద పక్కన నడుస్తున్న ముక్కూమొహం తెలియని మనిషి ఏదో అడిగితే, విల్సన్ భార్యది సీఐఏ ఉద్యోగమని చెప్పేశాడట. ఆ మనిషి విల్సన్ స్నేహితుడు కావడం నోవాక్ దురదృష్టం. ప్రచురణకు ముందు సీఐఏ ప్రతినిధి ఆ పేరు వాడొద్దని చెప్పాడు కూడా. గట్టిగా చెప్పలేదని నోవాక్ తర్వాత సమర్థించుకున్నాడు. జూలై 14 పొద్దున్నే విల్సన్ నోవాక్ వ్యాసం అచ్చయిన వాషింగ్టన్ పోస్ట్ తెచ్చి మంచం మీద పడేశాడు. తాను పద్దెనిమిదేళ్లుగా అయినవాళ్ల దగ్గర తప్ప అందరి దగ్గరా దాచుకున్న సంగతి భార్య ఆ పేజీలో చదువుకుంది.

నష్టం ఆమె ఒక్కదానితో ఆగలేదు. 1999లో అల్ గోర్ ఎన్నికల ప్రచారానికి ఆమె వెయ్యి డాలర్లు విరాళమిచ్చినప్పుడు, ఉద్యోగం ఎక్కడన్న గడిలో బ్రూస్టర్ జెన్నింగ్స్ అనే కంపెనీ పేరు రాసింది. ఆ కంపెనీ సీఐఏ పెట్టిన బొమ్మ కంపెనీ. విరాళాల జాబితా అమెరికాలో ఎవరైనా చూసుకోవచ్చు. అక్టోబర్‌లో నోవాక్ టీవీలో ఆ పేరు కూడా చదివేశాడు. ఆ ముసుగు వాడుకున్న ఇతరులకు, వాళ్లను విదేశాల్లో కలిసినవాళ్లకు ఏమైందన్న అంచనా ఇప్పటికీ సీఐఏ బీరువాలోనే ఉంది.

సీఐఏ ఫిర్యాదుతో న్యాయశాఖ దర్యాప్తు మొదలైంది. ఆర్మిటేజ్ అక్టోబర్ 1నే తన పని ఒప్పుకున్నాడు, కానీ ఆ సంగతి 2006 దాకా లోకానికి తెలియలేదు. లీకు చేసినవాళ్ల సంగతి చూస్తామని బుష్ అన్నాడు. రోవ్‌కూ లిబ్బీకీ సంబంధమే లేదని వైట్‌హౌస్ ప్రతినిధి పోడియం మీద నిలబడి చెప్పాడు. 2005కల్లా అధ్యక్షుడి మాట మెత్తబడింది. లీకు చేసినవాళ్లు కాదు, నేరం చేసినట్టు తేలినవాళ్లు తన దగ్గర ఉండరన్నాడు. అటార్నీ జనరల్ జాన్ యాష్‌క్రాఫ్ట్ 2003 డిసెంబర్‌లో ఈ కేసు నుంచి తప్పుకోవడంతో అది షికాగో ప్రాసిక్యూటర్ పాట్రిక్ ఫిట్జ్‌జెరాల్డ్ చేతికొచ్చింది. రాజకీయాలు పట్టని మొండిమనిషిగా ఆయనకు పేరు.

ఫిట్జ్‌జెరాల్డ్ మొండితనం మొదట తగిలింది విలేకరులకు. ఎవరు చెప్పారో చెప్పమన్నాడు. పత్రికారంగం ఇరకాటంలో పడింది. సోర్సును కాపాడటం వృత్తి ధర్మం. మామూలుగా ఆ ధర్మం బలవంతుడి తప్పు బయటపెట్టే బలహీనుడి కోసం. ఇక్కడ తలకిందులైంది. విమర్శించినవాణ్ని దెబ్బకొట్టేందుకు ప్రభుత్వ పెద్దలే విలేకరుల చెవిలో ఊదారు, ఇప్పుడు వాళ్ల రహస్యం కాపాడాల్సిన బాధ్యత విలేకరులదైంది. కంచే చేను మేసిందంటే ఇదే. అభియోగం మోపాలా వద్దా తేల్చే గ్రాండ్ జ్యూరీ ముందు సాక్ష్యం నుంచి విలేకరులకు మినహాయింపు లేదని 1972లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఉండనే ఉంది. 2005 జూన్‌లో కూపర్, మిల్లర్ల విన్నపం వినడానికి కూడా అదే కోర్టు ఒప్పుకోలేదు. టైమ్ యాజమాన్యం కూపర్ నోట్సు అప్పగించేసింది. మిల్లర్ నోరు విప్పనని 2005 జూలై 6న వర్జీనియాలోని అలెగ్జాండ్రియా జైలుకెళ్లి 85 రోజులు ఉంది. ప్లేమ్ గురించి ఆమె ఒక్క వార్తా రాయలేదన్నది గుర్తుంచుకోవాలి. చివరికి లిబ్బీ నుంచి ఉత్తరం వచ్చింది, చెప్పుకోవచ్చని. అందులో పడమటి కొండల్లో ఆస్పెన్ చెట్లు గుంపులుగా రంగు మారుతున్నాయని, వాటి వేళ్లన్నీ కలిసే ఉంటాయని కవిత్వం కూడా ఉంది. అది సంకేతమా, సెలవుల జ్ఞాపకమా అని వాషింగ్టన్ చాన్నాళ్లు తల బద్దలుకొట్టుకుంది.

జైలు నుంచి వచ్చిన మిల్లర్‌కు ఆఫీసులో దక్కింది హారతి కాదు. యుద్ధానికి ముందు ఇరాక్ ఆయుధాల మీద ఆమె రాసిన వార్తలు చాలావరకు తప్పని అప్పటికే తేలిపోయింది. నవంబర్‌లో పత్రిక వదిలింది. తనకే అందరికంటే ముందు తెలుసన్న సంగతి రెండేళ్లకు పైగా దాచి, టీవీల్లో ఆ దర్యాప్తునే తక్కువ చేసి మాట్లాడిన వుడ్‌వర్డ్ తన ఎడిటర్‌కు క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. విలేకరులకు రక్షణ కల్పించే బిల్లు 2007లో ప్రతినిధుల సభ దాటింది గానీ సెనేట్‌లో ఆగిపోయింది.

లిబ్బీ మీద 2005 అక్టోబర్ 28న ఐదు అభియోగాలు నమోదయ్యాయి, అదే రోజు రాజీనామా చేశాడు. ప్లేమ్ సంగతి తనకు ఎన్‌బీసీ టీవీ ప్రముఖుడు టిమ్ రసర్ట్ చెప్పాడని ఆయన ప్రమాణం చేసి మరీ చెప్పాడు. ఆమె ప్రస్తావనే రాలేదని రసర్ట్ సాక్ష్యమిచ్చాడు. దానికంటే పెద్ద చిక్కు లిబ్బీ సొంత నోట్సే. అంతకు దాదాపు నెల ముందే ఆ సంగతి చెనీ చెప్పాడని అందులో ఉంది. మరిచిపోయానన్నది లిబ్బీ వాదన. 2007 మార్చి 6న జ్యూరీ నాలుగు అభియోగాల్లో దోషి అని తేల్చింది. బలయ్యేది ఈయనొక్కడేనా, మిగతావాళ్లు ఏరని జ్యూరీలో చర్చించుకున్నామని ఒక సభ్యుడు బయటికొచ్చాక చెప్పాడు. జడ్జి రెజీ వాల్టన్ 30 నెలల జైలు, రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేశాడు. జూలై 2న బుష్ జైలు శిక్ష రద్దు చేశాడు, జరిమానా ఉంచాడు. పూర్తి క్షమాభిక్ష కోసం చెనీ పదవి దిగేదాకా పట్టుబట్టినా బుష్ ఒప్పుకోలేదు. దాంతో ఇద్దరి మధ్య ఎడం పెరిగింది. ఆ క్షమాభిక్ష 2018 ఏప్రిల్ 13న డొనాల్డ్ ట్రంప్ ఇచ్చాడు.

విల్సన్ పక్షమూ మచ్చలేనిదేం కాదు. తన ప్రయాణంతో భార్యకు సంబంధం లేదని ఆయన అంటూ వచ్చాడు. ఆయన పేరు సూచించింది ఆమేనని 2004 జూలైలో సెనేట్ ఇంటెలిజెన్స్ కమిటీ నివేదికలో వచ్చింది. నిర్ణయం తనది కాదని 2007 మార్చిలో ఆమె ప్రతినిధుల సభ కమిటీ ముందు చెప్పింది. 2004 జనవరి వానిటీ ఫెయిర్ సంచికలో నల్లకళ్లద్దాలు, తలకు స్కార్ఫ్‌తో భర్త పక్కన స్పోర్ట్స్ కారులో కూర్చున్న ఆమె ఫొటో వచ్చినప్పుడు సానుభూతిపరులు కూడా నొసలు చిట్లించారు. దాక్కోవాల్సిన మనిషికి ఇదేం సరదా అని. చెనీ, లిబ్బీ, రోవ్‌ల మీద దంపతులు వేసిన సివిల్ దావా కింది కోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా ఎక్కడా నిలవలేదు.

1982 చట్టం నిద్రపోలేదు. సీఐఏలో చిత్రహింసల గురించి మాట్లాడిన మాజీ అధికారి జాన్ కిరియాకూ ఒక సహోద్యోగి పేరు విలేకరికి చెప్పినందుకు ఆ చట్టం కిందే నేరం ఒప్పుకుని 2013లో 30 నెలల జైలుకు వెళ్లాడు. లిబ్బీకి వేసి తీసేసిన శిక్షా అన్ని నెలలే.

ప్లేమ్ సీఐఏ వదిలి, 2007లో కుటుంబంతో న్యూమెక్సికోలోని శాంటా ఫేకు మకాం మార్చింది. అదే ఏడాది వచ్చిన ఆమె ఆత్మకథలో సీఐఏ కొట్టేయమన్న వాక్యాల చోట నల్లగీతలు అలాగే అచ్చయ్యాయి. ఆ పుస్తకం పేరుతోనే 2010లో వచ్చిన సినిమాలో ఆమె పాత్ర నవోమీ వాట్స్, విల్సన్ పాత్ర షాన్ పెన్ వేశారు. 2017లో యూదులను దూషించే వ్యాసం ఒకటి ట్విటర్‌లో పంచుకుని, మొదట సమర్థించుకుని, తర్వాత క్షమాపణ చెప్పింది. విడాకులు తీసుకున్న విల్సన్ 2019 సెప్టెంబర్ 27న కన్నుమూశాడు. ఆ నెలలోనే ఆమె కాంగ్రెస్ సీటు కోసం తీసిన ప్రచార వీడియో దేశమంతా తిరిగింది. అందులో ఆమె ఎడారి దారిలో కారును రివర్స్‌లో దూకిస్తూ, తన పేరు బయటపెట్టినవాళ్ల కథ తానే చెబుతుంది. 2020 జూన్‌లో జరిగిన డెమోక్రాటిక్ ప్రైమరీలో టెరెసా లేజర్ ఫెర్నాండెజ్ చేతిలో ఓడిపోయింది.